ఇల్లాలి ముచ్చటలు: బందరు కోటలో ఒక పగలు

సెలవుదినమనగా మగవారికి విశ్రాంతి, పిల్లలకు ఆట, మనకు మాత్రము మరి రెండు వంటలు. ఈ మాట చదివి మీరు నవ్వుకొందురు గాని, కాదనువారు మీలో నెవరును ఉండరని నా నమ్మకము. అందుచేత మొన్న మాఘమాసములో నొక సెలవునకు ముందటి రాత్రి మావారు భోజనము చేయుచు, "రేపు మనమందరము బందరు పోయి కోట చూచి, సాయంకాలము మంగినపూడి సముద్రతీరమునకు వెళ్లి వత్తము" అనినపుడు నాకు మొదట తోచినది కోట కాదు. తెల్లవారుజామున లేచి కలుపవలసిన పులిహోర.

మావారు ఉపాధ్యాయులు; బడిలో పిల్లలకు చరిత్ర చెప్పుదురు. గుడివాడలో కాపురమున్న మాకు బందరు రైలులో గంటసేపటి దారి. "ఢిల్లీ కోట పొడవు వెడల్పులు వల్లించు పిల్లలు, ఇంటిప్రక్కనున్న కోట నెరుగరు. మన పిల్లలే చూడనిచో ఇతరుల పిల్లలకు నేనేమి చెప్పుదును?" అని వారి వాదము. మా అమ్మాయికి పదుమూడేండ్లు, అబ్బాయికి ఎనిమిది. ఆ రాత్రి వారిరువురికిని నిద్రలేదు.

మా అత్తగారు మాత్రము మాటాడలేదు. ఆమె పుట్టినిల్లు దివిసీమ. సముద్రమనిన ఆమెకు గిట్టదని మా యింట నందరికిని తెలియును. ఎందుకని ఎవరమును అడుగము. ఏటేట నవంబరు 19వ తేదీన ఆమె తెల్లవారక మునుపే స్నానముచేసి, దీపము వెలిగించి, ఆనాడు రాత్రివరకు అన్నము ముట్టరు. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో, "అదేమి వ్రతము, అత్తయ్యగారూ?" అని అడిగితిని. "వ్రతము కాదమ్మా" అని లోపలికి వెళ్లిపోయిరి. ఇప్పటికి పదునైదేండ్లయినది. మరల నేనడుగలేదు.

"అమ్మా, నీవు కోటలో చెట్టునీడను కూర్చుండుము. సముద్రమునకు మేము వెళ్లి వత్తుము" అని మావారనిరి.

"పిల్లలను నీళ్లలోనికి మీరిద్దరే తీసికొనిపోవుదురా? నేనుకూడ వచ్చెదను" అని ఆమె చేయి కడుగుకొనుటకు లేచిరి. ఆ మాటతో ప్రయాణము స్థిరమయ్యెను.

పులిహోర, దద్దోజనము, నాలుగు అరటిపండ్లు, మాగాయ ముక్కలు చిన్న డబ్బాలో, రెండు పెద్ద సీసాలతో మంచినీళ్లు, పరచుకొనుటకొక పాత దుప్పటి, ఒక యిత్తడి పళ్లెము. ఇవి మా సామానులు. పళ్లెమెందుకని మావారు వేళాకోళము చేసిరి. ఆ పళ్లెమే ఆనాడు వారికి బడి నల్లబల్లయై యక్కరకు వచ్చిన సంగతి ముందు చెప్పెదను.

రైలు పెడన దాటునపుడు అత్తగారు కిటికీలోనుండి చూపుచు, "ఇదిగో, మన పడకమీది దుప్పటి ఇక్కడిదే" అనిరి. బందరు అద్దకము అని మనమనుకొను కలంకారీ బట్టలు నేటికిని పెడనలో తయారగుచున్నవి. బట్టను ముందు కరక్కాయ నీటిలో తడిపి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి పులిసినపిమ్మట వచ్చు ద్రవముతో నల్లని గీతలు అచ్చువేయుదురు. ఎఱ్ఱరంగు పట్టవలసినచోట పటిక నీళ్లు అద్దుదురు. ఆ ఎఱ్ఱరంగు పూర్వము చిరివేరు అను మొక్క వేళ్లనుండి తీయుచుండిరి. ఉతికినకొలది నిగ్గుతేరుటయే ఆ రంగుల గొప్ప.

"కోట చూడబోవుచు గుడ్డల సంగతి ఎందుకమ్మా?" అని మా అబ్బాయి విసుగుకొనెను.

వాడికి వాళ్ల నాన్నగారు చెప్పిన సమాధానము మీకును చెప్పెదను. ఆ గుడ్డలు లేనిచో ఆ కోటయే లేదు. గోలకొండ సుల్తానుల కాలములో ఈ తీరమున బందరే పెద్ద రేవు. బందరు అనగా పారసీక భాషలో రేవనియే అర్థము. మచిలీపట్టణమునకు ఆ మాటయే పేరై నిలిచినది. డచ్చివారు 1605లో ఇక్కడ వర్తకశాల పెట్టిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. వీరందరికిని కావలసినవి లవంగములు, జాజికాయలు. అవి దొరకు తూర్పు దీవులలోని జనులకు కావలసినది మన అద్దకపు బట్ట. ఇక్కడ బట్ట కొని అక్కడ ఇచ్చి, లవంగములు పుచ్చుకొని తమ దేశమున బంగారమునకు అమ్ముకొనిరి. మన పోపులపెట్టెలోని నాలుగు లవంగములకును, మన పడకమీది దుప్పటికిని ఇట్టి చుట్టరికమున్నదని నేనును ఆనాడే తెలిసికొంటిని.

నా చిన్నతనమున మా నాయనగారు నాకు శ్రీనాథుని హరవిలాసము పాఠము చెప్పిరి. ఆ గ్రంథమును అంకితము పొందిన అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకుడు. ఆయన ఏయే దేశములనుండి కర్పూరము, ఏనుగులు, గుఱ్ఱములు, పట్టుబట్టలు తెప్పించెనో కవి అవతారికలో వర్ణించినాడు. అవి నాకప్పుడు నిఘంటువులో వెదుకవలసిన పేర్లు మాత్రమే. పెడన దాటి, గాలిలో ఉప్పు వాసన తగులగనే, అవి నిజముగా ఓడలు బయలుదేరిన రేవుల పేర్లని మనస్సునకు పట్టెను. చదివినదానిని ఒక్కసారియైన కన్నులతో చూచుట మంచిదని మావారనుమాట ఇందుకే కాబోలు.

బందరులో దిగి మొదట డచ్చివారి సమాధులు చూచితిమి. పెద్ద పెద్ద నల్లరాతి పలకలపై వారి వంశచిహ్నములు, అక్షరములు ఎంత లోతుగా చెక్కిరో చూచి మా అమ్మాయి వేలితో తడివి చూచెను. లవంగముల కొఱకు ఇంతదూరము వచ్చి ఈ ఉప్పుమట్టిలో కలిసిపోయినారు గదా అని నాకు జాలి కలిగెను.

అక్కడనుండి ఆటోలో కోటకు పోయితిమి. కోట ఊరిలో లేదు. ఊరికిని సముద్రమునకును నడుమ, గిలకలదిండి చేపలరేవునకు పోవు ప్రక్కన నున్నది. పూర్వము కోటకును ఊరికిని మధ్య అంతయు బురదనేలయే. దానిమీదుగా ఒక కట్ట, ఆ కట్టయే దారి. నేటికిని ఆ ప్రాంతమంతయు ఉప్పునేలలు, తుమ్మ తుప్పలు. కోట యనగానే కొండపైని బురుజులను ఊహించుకొని వచ్చిన మా అబ్బాయి ముఖము చిన్నవోయెను. పైకప్పు లేని పాత కట్టడములు, మూరెడు మూరెడు మందము గల ఇటుకగోడలు, గోడల సందులలో వేళ్లు దింపిన రావిమొక్కలు, గచ్చుపై ఎండిన మేకపెంట. ఇంతే. ఇవి ఆయుధములు దాచిన శాలలని అక్కడ మేకలు కాయు ముసలాయన చెప్పెను.

పిల్లలు నిరుత్సాహపడుట చూచి మావారు ఒక గోడమీద కూర్చుండి కథ మొదలిడిరి. నేను విన్నది విన్నట్లు వ్రాసెదను.

ఈ కోట 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చినది. వారు దీనిని చక్కగా బలపరచుకొనిరి. మూడేండ్లకు ఉత్తర సర్కారులు కూడ బుస్సీకి లభించినవి. అటుపిమ్మట ఇంగ్లీషువారి సేనాని ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందగజపతి సాయముతో 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, వారిని తరుముకొనుచు బందరు వచ్చెను. కోటలో కాన్‌ఫ్లాన్సు అను ఫ్రెంచి సేనాని. బయట ఫోర్డు. ఫోర్డు సైనికులకు జీతములు లేవు, మందుగుండు అడుగంటినది, వెనుకనుండి నిజాము సలాబత్‌జంగు సేనతో వచ్చుచుండెను. వెనుకకు పోవ దారిలేదు. అప్పుడతడు 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి కోటను ముట్టడించెను. విజయనగరమువారు కట్టదారిన ఎదురుగా వచ్చి కేకలు, తుపాకులతో హడావిడి చేసిరి. కొందరు ఎవరును నడువలేరని ఫ్రెంచివారు విడిచిపెట్టిన బురదవైపు దిగి హడావిడి చేసిరి. లోపలివారు ఎటు చూడవలెనో తెలియక తికమకపడు సమయమున అసలు దండు మరియొకవైపున గోడలెక్కెను. తెల్లవారునప్పటికి కోట ఇంగ్లీషువారిది. పట్టువడినవారు పట్టినవారికంటె ఎక్కువమంది యుండిరట. ఆ మరునెలలోనే నిజాము సంధి చేసికొని ఈ సీమను ఇంగ్లీషువారికి వదలుకొనెను. చెన్నపట్టణమునుండి కలకత్తావరకు కోస్తాయంతయు వారి వశమగుటకు ఈ రాత్రియే మొదలు.

కథ ముగియకముందే మా అబ్బాయి ఫోర్డు అయ్యెను. బురదవైపు ఏదియో చూచి వచ్చెదనని పోయి, మోకాళ్లవరకు నల్లనిబురదతో తిరిగి వచ్చెను. వాడి లాగు ఉతికినది నేనని వేరే చెప్పనక్కరలేదు. చరిత్రలో విజయము ఒకరిది, చాకిరి మరియొకరిది.

అత్తగారు రావిచెట్టు నీడను దుప్పటి పరచుకొని కూర్చుండిరి. ఆమె సముద్రమున్న దిక్కునకు వీపు త్రిప్పుకొని యుండుట నేను గమనించితిని. అందరమును అక్కడనే భోజనములు చేసితిమి. దద్దోజనము తినుచు మా అమ్మాయి, "నాన్నగారూ, ఇంత మందము గోడలు కదా. ఫిరంగులు పడగొట్టలేనివి చివరకు ఏ రాజు పడగొట్టెను?" అని అడిగెను.

మావారు కొంచెము తడబడిరి. తల్లివైపు ఒకసారి చూచిరి. పిల్ల ముఖము చూచి ఇక దాచుట సరికాదనుకొనిరి.

"ఏ రాజును కాదమ్మా, సముద్రము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, దీపావళి అమావాస్య వెళ్లిన వెంటనే, పెనుతుపాను వచ్చి సముద్రము ఊరిమీద పడినది. మామూలు పోటుకంటె పదుమూడడుగుల ఎత్తున నీరు లేచి, కొన్నిచోట్ల పదునేడు మైళ్లవరకు లోపలికి పోయినది. సుమారు ముప్పదివేలమంది పోయిరి. అటుపిమ్మట ఇక్కడి దండును తీసివేసిరి. కోట పాడుపడినది."

"సముద్రము అంత ఎత్తు ఎట్లు లేచును?" అని అబ్బాయి.

అప్పుడు మావారు నా యిత్తడి పళ్లెము తీసికొని అందులో రెండంగుళములు నీళ్లు పోసిరి. "ఊదుము" అనిరి. వాడు ఒకవైపునుండి బుగ్గలు పూరించి ఊదగా నీరు ఎదుటి అంచున ఎగబ్రాకి ఒలికెను. "లోతైన గుండిగలో ఎంత ఊదినను ఇట్లు ఒలుకదు, నెట్టిన నీరు క్రిందనుండి వెనుకకు పోవును. మన కృష్ణ సముద్రమున కలియుచోట అడుగునేల ఈ పళ్లెమువలె పలుచన. గాలి గంటలకొలది నెట్టిన నీటికి వెనుకకు పోవు దారి లేదు. అప్పుడే పోటు వేళయైనచో ఇంకను పెరుగును. ఇక ఒడ్డే దిక్కు" అని వివరించిరి. సోదరీమణులారా, మనము ప్రతిదినము తోము పళ్లెములో ఇంత శాస్త్రమున్నదని నేనెన్నడు ననుకొనలేదు.

పళ్లెమునుండి ఒలికిన నీరు దుప్పటి అంచును తడిపి అత్తగారి కాలిని తాకెను. ఆమె కాలు వెనుకకు తీసికొనలేదు.

"మా ఊరికి వచ్చినప్పుడు సాయంత్రము" అని ఆమె అనిరి.

ఎవరమును కదలలేదు.

"1977. నాకు పదునైదేండ్లు. అదియు కార్తీకమాసమే. ప్రొద్దుటినుండి గాలి. గాలివాన వచ్చునని రేడియోలో చెప్పిరని ఎవరో అనిరి. గాలివానలు మనకు క్రొత్తయా అని మా నాయన కోతకు వచ్చిన చేనివైపు పోయినాడు. గాలికే భయపడితిమి గాని, నీళ్లు వచ్చునని ఎవరును చెప్పలేదు. చీకటి పడుచుండగా ఏదో రైలు వచ్చినట్లు చప్పుడయినది. మా ఊరికి రైలు లేదు. మా అమ్మ నన్ను పైకప్పు దూలము పట్టుకొమ్మని, తమ్ముని నా చేతికిచ్చినది. వాడికి ఐదేండ్లు. కప్పు విడిపోయి కొట్టుకొనిపోయితిమి. తుమ్మచెట్టొకటి తగిలినది. ఒకచేత కొమ్మ, ఒకచేత వాడు. ముళ్లు. ఎంతసేపో తెలియదు. తెల్లవారి చూచుకొనునప్పటికి నా చేతిలో వాని చొక్కాచెంగు మాత్రమున్నది."

ఆమె ఏడువలేదు. ఇన్నియేండ్లు మనస్సులో ఎన్నిసారులు చెప్పుకొనిరో, మాటలు అన్నియు వరుసగా వచ్చినవి. ఆనాటి తుపానులో దివిసీమలో పదివేలమందికి పైగా చనిపోయిరని మేము పుస్తకములలో చదివియుంటిమి. మా యింటిలోనే ఒక పిల్లవాడు ఆ లెక్కలో ఉన్నాడని మాకు తెలియదు. మావారికి మేనమామ యొకడు చిన్నతనముననే పోయెనని తెలియును గాని, ఎట్లు పోయెనో ఆయన తల్లి ఆనాటివరకు చెప్పలేదట.

మా అమ్మాయి మెల్లగా అడిగెను: "అతని పేరేమి మామ్మా?"

ఆమె చెప్పిరి. ఆ పేరు నేనిక్కడ వ్రాయను. అది మా యింటి మాట. మా అమ్మాయి తన సంచిలోని పుస్తకము తీసి, కోట బొమ్మ గీసికొన్న పుటకు ఎదుటి పుటలో ఆ పేరు, ఊరి పేరు, తేదీ వ్రాసి, "సరిగా వ్రాసితినా?" అని మామ్మకు చూపెను. అత్తగారు కండ్లద్దములు పెట్టుకొని చూచి, ఒక దీర్ఘము దిద్దిరి.

సాయంకాలము మంగినపూడికి పోవుదారిలో పిల్లలు ముందు కూర్చుండగా, అత్తగారి ప్రక్కను నేనుంటిని. ఏదో ఒకటి మాటాడవలెను. ఏమి మాటాడవలెనో తోచలేదు. అప్పుడు నాకు మా నాయనగారు చెప్పిన మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చినది. మోటుపల్లి చీరాలకు చేరువను, ఇప్పటి బాపట్ల జిల్లాలో, సముద్రపుటొడ్డున నొక పల్లె. కాకతీయుల కాలములో అది పెద్ద రేవు. రుద్రమదేవి ఏలుబడిలో దానిని గూర్చి మార్కోపోలో అను యాత్రికుడు వ్రాసినాడు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతమున అక్కడి వీరభద్రస్వామి ఆలయములో ఒక శాసనము వేయించెను. దానికి అభయశాసనమని పేరు.

అందలి సంగతి ఇది. అంతకు పూర్వపు రాజులు, తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు బలాత్కారముగా పుచ్చుకొనుచుండిరి. బ్రదికి బయటపడిన వర్తకుడు ఒడ్డున నిలువున దోపిడియగుచుండెను. గణపతిదేవుడు ఇక అట్లు జరుగదనియు, ముప్పదింట నొకపాలు సుంకముమాత్రమే తీసికొని తక్కినది వారికే విడిచెదననియు మాట యిచ్చి, దానిని రాతిపై చెక్కించెను. సముద్రము చేసిన చేటుపైని మనుష్యులు మరియొక చేటు చేయరాదని దాని తాత్పర్యము.

అత్తగారు విని, కొంచెముసేపు ఊరకుండి, "ఆ రాయి ఉన్నదా?" అని అడిగిరి.

"ఉన్నది."

"ఈ కోటకంటె గట్టిదన్నమాట" అనిరి.

నేను చదివిన కావ్యములన్నిటిని త్రోసిరాజని ఆ ఒక్క మాటలో ఆమె ఆనాటి ప్రయాణమునకంతకును అర్థము చెప్పివేసిరి. మూరెడు గోడలు, కందకములు, ఫిరంగులు, రెండు జాతుల సేనలు ఉన్న కోట ఒక్క రాత్రి నీటికి నిలువలేదు. నిలిచినది భయపడిన మనిషికి ఇచ్చిన మాట. ఈ కాలములో ఆ అభయము మరియొక రూపున నున్నది. 1977 తరువాత తీరమంతట తుపాను రక్షణశాలలు కట్టిరి. బందరులోనే దూరముననున్న తుపానును కనిపెట్టు రాడారున్నది. 1990 మే నెలలో ఈ కృష్ణాతీరమునకే దాదాపు అంతటి తుపాను వచ్చినపుడు ముందుగా చెప్పి లక్షలాది జనులను తరలించిరి. అప్పుడు పోయినవారు వేయికి లోపు. ఆ వేయి ప్రాణములును విలువైనవే. అయినను పదివేలకును వేయికిని నడుమనున్న భేదము గోడ కాదు; సకాలమున చెప్పిన మాట, దానిని నమ్మి కదలిన మనుష్యులు. "నీళ్లు వచ్చునని ఎవరును చెప్పలేదు" అని అత్తగారనిన మాట నాకు ఇప్పటికిని చెవులలో మ్రోగుచున్నది.

మంగినపూడి తీరమున ఇసుకకంటె నల్లని ఒండుమట్టి యెక్కువ. నీరు చాలదూరము పలుచగనే యుండును. పిల్లలు మోకాలిలోతున ఆడుచుండిరి. అత్తగారు మొదట దూరముననే నిలిచిరి. పిమ్మట చెప్పులు విడిచి, మా అమ్మాయి చేయిపట్టుకొని, పాదములు తడియునంతవరకు పోయిరి. ఒక అల వచ్చి వెనుకకు పోయెను. రెండవది వచ్చెను. ఆమె కొంగున ఉన్న అరటిపండును నీటిలో విడిచి, నమస్కరించి వెనుకకు వచ్చిరి. ఎంతసేపు నిలిచిరో నేను గడియారము చూడలేదు.

తిరుగు ప్రయాణమున చిలకలపూడి పూతనగల అంగడిలో మా అమ్మాయికొక జత జుంకాలు, స్టేషను దారిలో తొక్కుడు లడ్డూలు కొంటిమి. రైలులో అబ్బాయి మామ్మ ఒడిలో తల పెట్టుకొని నిద్రపోయెను. ఆమె వాని మణికట్టు పట్టుకొనియే యుండిరి. ఇంటికి వచ్చునంతవరకు విడువలేదు. మా యింట ఆ పట్టునకు కారణము ఇప్పుడందరికిని తెలియును.

సోదరీమణులారా, ఈ నెల మిమ్ములను కోరునది ఒక్కటే. మీ యూరికి చేరువను కూలిన కోటయో, పాడుపడిన రేవో, పాత దీపస్తంభమో ఉండియే యుండును. మన తీరమున భీమునిపట్టణమునుండి పులికాటువరకు ఇట్టివి ఎన్నో కలవు. ఒక సెలవునాడు పిల్లలను తీసికొని పొండు. తీరప్రాంతమైనచో చలికాలమే మేలు. మధ్యాహ్నపుటెండకు నీడ, త్రాగ మంచినీరు ఉండవు గనుక రెండును మీతో నుండవలెను. పాతగోడలపై పిల్లలను ఎక్కనీయకుడు. రావివేళ్లు చొచ్చిన ఇటుక నమ్మదగినది కాదు. ఇవి సులువైన జాగ్రత్తలు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటిలోని పెద్దవారిని విడిచి వెళ్లకుడు. వారు నడువలేకున్నను నీడను కూర్చుండగలరు. రాజుల తేదీలు పిల్లలు ఎక్కడనైన చదువుకొందురు. మన యింటివారి తేదీలు ఏ పుస్తకమునందును లేవు. అడుగుటకు నేను పదునైదేండ్లు సందేహించితిని. పదుమూడేండ్ల పిల్ల పేరేమియని అడిగెను, పెద్దావిడ చెప్పిరి. బాధపడుదురేమో యని మనము అడుగము. వినువారు లేరని వారు చెప్పరు. ఈ రెంటి నడుమ ఎన్ని పేర్లు మునిగిపోవుచున్నవో!

ఒక పుస్తకము కొని పెట్టుకొనుడు. లెక్కలపుస్తకము ప్రక్కననే ఉండనిండు. అందులో పేరు, ఊరు, సంవత్సరము, ఏమి జరిగినదో వ్రాయుడు. వచ్చు నవంబరు 19వ తేదీన మా యింట దీపము ముందు కూర్చుండువారు ఒక్కరు కారు, ఐదుగురము. పిల్లలే అట్లు నిశ్చయించిరి. ఆ రాత్రి వాని పేరిట పాయసము చేయవలెనని అత్తగారు ఇప్పటినుండియే చెప్పుచున్నారు. వానికి ఇష్టమట.